ఇంజను అన్నది, బాడీ నాది

మా నాయన పోయాక ఆస్తి పంచుకునేటప్పుడు పొలం దగ్గర గొడవ రాలేదు. ఇంటి దగ్గర రాలేదు. బావి, పశువులు, కాలువ నీటి వంతు, అన్నీ పెద్దమనుషులు టీ చల్లారేలోపే తేల్చేశారు. గొడవంతా ఒక మోటారు సైకిలు దగ్గర వచ్చింది.

దాని కంపెనీ పేరు చెప్పను. చెబితే ఆ బండ్ల భక్తులు గుంపుగా వచ్చి మా వాకిట్లో చెప్పులు విడుస్తారు. అటొకటి ఇటొకటి రెండు సైలెన్సర్లు, కిక్కు కొట్టే కడ్డీనే లోపలికి నొక్కి ముందుకు వాల్చితే గేరు కడ్డీ అయిపోయే రకం అంటే తెలిసినవాళ్ళకు తెలిసిపోతుంది. తెలియనివాళ్ళకు ఇది చాలు: పొగ ఎక్కువ, వెలుతురు తక్కువ ఇచ్చే బండి.

నాయనకు అదంటే ప్రాణం. మాకు జ్వరమొస్తే "మీయమ్మకు చెప్పుకోపోండి" అనేవాడు. బండికి దగ్గొస్తే మాత్రం బళ్ళారి నుంచి మెకానిక్కును పిలిపించి, అతనికి కోడిని కోయించేవాడు. ఆ కోడిలో మాకు మెడ, తోలు మిగిలేవి. కాబట్టి నాయన పోయిన తరువాత మాకు ఆ బండి మీద ప్రేమ ఉందని చెబితే అబద్ధం. కసి ఉండేది. ఇన్నాళ్ళు మా వంతు కోడి తిన్నదాన్ని ఇప్పుడు నేను అనుభవించాలంటే నేను అనుభవించాలని ఇద్దరికీ పట్టుదల.

పెద్దకొడుకుని నేను, నాది అన్నాడు అన్న. రోజూ తుడిచింది నేను, నాది అన్నాను నేను. అరుపులు ముదిరి చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. అప్పుడు మా మేనత్త లేచింది. మేనత్త అంటే నాయనకు అక్క. మనిషి ఇంతే ఉంటుంది, గొంతు మాత్రం కాలువ అవతలి గట్టుకు వినిపిస్తుంది. నోట్లో ఆకువక్క పక్కకు నెట్టి తీర్పు చెప్పింది.

"ఇంజను పెద్దోనికి, బాడీ చిన్నోనికి. పోండిరా నా బట్టల్లారా. ఒగడు డుర్రు అని నోటితో అనుకుంటా తిరగండి, ఇంగొగడు తోసుకుంటా తిరగండి."

పెద్దమనుషులు నవ్వారు. ఆమె మమ్మల్ని సిగ్గుపరచడానికి అన్నదని అందరికీ అర్థమైంది, మా ఇద్దరికీ తప్ప. "ఆయ్తు" అని అన్న కన్నడంలో ఒప్పేసుకున్నాడు, కోర్టులో సంతకం పెట్టినట్టు. అదే సాయంత్రం పానాలు తెచ్చుకుని ఇంజను విప్పి, భుజాన వేసుకుని తన భాగంలోకి మోసుకుపోయాడు. మిగిలింది నేను తోసుకుపోయాను. ఆ వారంలోనే వాకిలి నడుమ గోడ లేచింది. దాంతోపాటు మాటలూ ఆగిపోయాయి.

ఆ తరువాతి ఏళ్ళలో ఆ బండి రెండు ముక్కలూ ఏం వెలగబెట్టాయో చెప్పాలి. అన్న తన ఇంజనును కట్టె చట్రం మీద బిగించి, బెల్టు వేసి, కాలువ నుంచి మిరపతోటకు నీళ్ళు తోడబోయాడు. పరిగెత్తుతూ గాలి తగిలితేనే చల్లబడే ఇంజను అది. ఒకచోట కూర్చోబెట్టి పని చేయిస్తే ఊరుకుంటుందా? మొదటి తడి పూర్తి కాకముందే పిస్టను లోపలే బిగుసుకుపోయింది. అన్న దాన్ని కోళ్ళ గూట్లో పడేశాడు. ఇంజను మీది రెక్కల మధ్య కోళ్ళ కాళ్ళకు బాగా పట్టు దొరికింది కాబోలు, అవి దాని మీదే పొదగడం మొదలుపెట్టాయి. నా బాడీ సంగతి అంతకంటే గొప్పదేమీ కాదు. పెరట్లో నిలబెడితే చిక్కుడు తీగ దాని హ్యాండిల్ మీదికి పాకింది. నా భార్య సంతోషించి ఇంకో రెండు విత్తనాలు కూడా వేసింది. హెడ్‌లైట్ గుండు నుంచి చిక్కుడుకాయలు కోసుకుని వండుకున్న ఇల్లు మాది.

నేను అప్పటికి గనుల లోడు కొట్టే టిప్పర్లు నడుపుతూ ఉండేవాణ్ణి. జిల్లా అంతా ఎర్రదుమ్ము మింగి డబ్బు కక్కుతున్న కాలం. తరువాత గనులు మూతపడ్డాయి, టిప్పర్లు పోయాయి. వెల్డింగు సెట్టు, బెంచీ, ఒక పెట్టెడు పానాలు మాత్రం మిగిలాయి. పానాలతో బయటపడ్డానని ఇప్పటికీ చెప్పుకుంటాను. మా యాసలో పానాలంటే ప్రాణాలు కూడా కాబట్టి, వినేవాళ్ళు ఏది అనుకున్నా తప్పు కాదు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, బెంగళూరు నుంచి హంపికి గుంపుగా బండ్ల మీద పోతున్నవాళ్ళలో ఒకాయన దారి తప్పి మా వీధిలోకి వచ్చాడు. మోకాళ్ళకు చిప్పలు, మోచేతులకు చిప్పలు, హెల్మెట్ మీద కెమెరా. యుద్ధానికి బయల్దేరి చిరునామా పారేసుకున్నవాడిలా ఉన్నాడు. నేను దారి చెబుతుంటే వినకుండా పెరట్లోకి చూశాడు. తీగ కింద ఉన్నదేమిటో గుర్తుపట్టి, హెల్మెట్ తీసి, చిక్కుడు పందిరి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు కూడా.

నా భార్య లోపలి నుంచి తొంగిచూసి, "ఏమైందయా ఆయప్పకు? నీళ్ళు తెచ్చేదా?" అంది.

ఆయన కళ్ళు తెరిచి, ఇంజను ఏదని కన్నడంలో అడిగాడు.

"పక్కింట్లో ఉండాది" అన్నాను.

"పక్కింట్లోనా? అక్కడేం చేస్తోంది?"

"గుడ్లు పొదుగుతాండాది."

ఆయన గోడ వైపు ఒకసారి చూశాడు. తరువాత, ఈ బండి కోసం దేశమంతా మనుషులు వెతుకుతున్నారనీ, తనకిస్తే బిడ్డలా చూసుకుంటాననీ అన్నాడు. మా నాయన ముఖం గుర్తొచ్చింది. బిడ్డల్ని వదిలేసి దీన్ని చూసుకున్నది చాలదా, ఇంకా దీనికి దత్తత కూడానా అనిపించింది. ఇవ్వనన్నాను. ఆయన తీగను కూడా వదలకుండా ఫోటోలు తీసుకుని, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయాడు.

ఆయన పోయాక నేనూ ఆ పందిరి ముందు కూర్చున్నాను. తుప్పు, ఆకులు, ఒక పాత సాలెగూడు. కానీ చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఏ చప్పుడూ లేకుండా తిరిగింది. అంతే, ఆ మాయదారి చక్రం నా చేత పని మొదలుపెట్టించింది.

బాడీ ఉంది, ఇంజను కావాలి. ఇంజను కావాలంటే అన్నను అడగాలి. అడగాలంటే మాట్లాడాలి. అది కుదరదు కాబట్టి నేను గోడ దగ్గర నిలబడి నా భార్యతో బిగ్గరగా అన్నాను.

"కొంతమంది ఇళ్ళల్లో ఇంజన్లు ఉండాయి. కోళ్ళకు మంచాలేసినట్ల ఏసి పెట్టినారు. ఇస్తే బాగు చేసేటోళ్ళు ఉండారు."

"నేను ఈడనే ఉండా గదా, ఎందుకట్ల అరుస్తాండావు?" అంది నా భార్య.

గోడ అవతల అన్న తన గేదెతో, మా మాటలో ఎనుముతో, మొదలుపెట్టాడు. "విన్నావా మే? మన ఇంజను కావాలంట. కావాలంటే బాడీ ఉన్నోళ్ళే ఈడికి తెచ్చుకోవల్ల. మన ఇంజను గడప దాటదు."

"అదేమన్నా ఆడపిల్లనా, మేము ఎదురొచ్చి తీసుకుపోయేదానికి?" అని నేను నా భార్యను అడిగాను.

"మగపిల్లోడే అనుకో. అయినా ఇల్లరికం పంపం" అని అన్న ఎనుముకు చెప్పాడు. ఎనుము ఏమీ అనలేదు. అదెప్పుడూ వాడి పక్షమే.

ఈ రాయబారం వారాల పాటు సాగింది. మేనత్త అప్పట్లో కొన్నాళ్ళు అన్న ఇంట్లో, కొన్నాళ్ళు నా ఇంట్లో తింటూ, ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి వంటను తిడుతూ కాలక్షేపం చేసేది. మా అరుపులకు ఆమె మధ్యాహ్నం కునుకు చెడింది. ఒకరోజు కర్ర తీసుకుని వచ్చి గోడను కొట్టింది. మట్టి గోడ, మట్టి రాలింది.

"పగలగొట్టండి ఈ గోడ. బండెడు తుప్పు కోసం నా నిద్ర సెడగొడతాండారు. బండిని నట్టనడుమ పెట్టండి. వాని ఇంజను వాని దిక్కు నుంచి వస్తాది, నీ బాడీ నీ దిక్కు ఉంటాది. బిగించేకాడ చేతులు చేతులు తగల్తాయి. తగిలితే సచ్చిపోర్లే."

ఆమె మాటను మేము రెండోసారి కూడా అక్షరాలా పట్టుకున్నాం. గోడకు ఎడ్లబండి పట్టేంత సందు కొట్టి, పైన రేకులు వేశాం. ముందు చక్రం నా భాగంలో, వెనక చక్రం అన్న భాగంలో వచ్చేలా బండిని నిలబెట్టాం. నేల మీద గోడ పునాది గీత అలాగే ఉంచాం. వెల్డింగు సెట్టు నా వైపు, కరెంటు బోర్డు వాడి వైపు. ఆ రేకుల కింది చోటును మేము షెడ్డు అనేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు బార్డరు అనేవాళ్ళు. మాది అసలే సరిహద్దు జిల్లా, కాబట్టి ఎవరికీ వివరించాల్సిన పని ఉండేది కాదు.

పని మొదలైంది, మాటలు మొదలవలేదు. అన్నకు పానా కావాలంటే ఎనుము వైపు తిరిగి "పద్నాలుగు పానా యాడుందే?" అనేవాడు. నేను అందించేవాణ్ణి. వాడు ఎనుముకే తలూపేవాడు. నాకు ఏదైనా చెప్పాలనిపిస్తే బండి హెడ్‌లైట్‌తో చెప్పేవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఒకసారి చూసి, తల విదిలించుకుని పోయేవాళ్ళు.

ఇంజను మీద పొదుగుతున్న కోడిని లేపడం అన్నిటికంటే కష్టమైంది. అన్న చేతిని పొడిచింది, నా చెవిని పొడిచింది. పక్షపాతం లేని జీవి ఆ ఇంట్లో అదొక్కటే. హెడ్డు విప్పి చూస్తే పిస్టను సిలిండరుకు అతుక్కుని, రెండూ ఒకే ముక్క అయిపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోసి నానబెట్టాం. నాననిచ్చి కట్టెముక్క పెట్టి కొట్టాం. మళ్ళీ నానబెట్టాం. అది ఊడిన రోజు అన్న నోరు తెరిచి ఏదో అనబోయి, నన్ను చూసి, ఎనుము లేకపోవడంతో మూసుకున్నాడు. ఎనుము మేతకు పోయింది.

సిలిండరు బోరు కొట్టించడానికి బళ్ళారి పోవాలి. ఇద్దరం ఒకే బస్సులో పోయాం, వేరువేరు సీట్లలో. సిలిండరు వాడి ఒళ్ళో, కొత్త పిస్టను నా ఒళ్ళో. లేత్ మిషను పెట్టుకున్న ముసలి భాయ్ కళ్ళద్దాలు పైకి నెట్టి సిలిండరులోకి ఒంటికంటితో చూసి, "యా అల్లా, ఇందులో ఈకలేంది?" అని అడిగాడు. నేను అన్న వైపు చూపించాను. వాడు నా వైపు చూపించాడు. భాయ్ ఇద్దర్నీ బయట కూర్చోమన్నాడు.

పెట్రోలు ట్యాంకు లోపలంతా తుప్పు పొరలు. చింతపండు పులుసు పోసి, నట్లు వేసి గిలకొడితే పోతుందని ఎక్కడో విన్నాను. ఇంట్లో ఏడాదికి సరిపడా చింతపండు కుండలో దాచి ఉంది. ఎంత పడుతుందో తెలియక కుండంతా పిసికాను. అన్న, నేను ట్యాంకును చెరో కొసా పట్టుకుని, ఉయ్యాలలో బిడ్డను ఊపినట్టు పొద్దంతా ఊపాం. ట్యాంకు లోపల వెండిలా మెరిసింది. ఆ ఏడాది మా ఇంట్లో చారు, పులుసు, పచ్చడి ఏవీ లేవు. నా భార్య అన్నం, ఉప్పు పెట్టి, "పులుపు కావాలంటే పోయి ఆ ట్యాంకు నాక్కో" అంది. నాకు తిండి బాధ. అన్న గోడ సందులోంచి గిన్నెలో పప్పుచారు పెట్టి పోయాడు. ఎనుముతో కూడా చెప్పలేదు. ఊరికే పెట్టి పోయాడు. ఆ చారు తిన్నాక వాడి మీద కోపం నిలబెట్టుకోవడం కొంచెం కష్టమైంది.

రంగు దగ్గర మళ్ళీ మొదటికొచ్చింది. పాత రంగు ముదురు ఎరుపు. అదే వేయాలని నా పట్టు. పాతదాన్ని చూసీ చూసీ విసుగొచ్చింది, ఆకుపచ్చ వేయాలని వాడి పట్టు. నేను లేనప్పుడు వాడు ఆకుపచ్చ డబ్బా తెచ్చాడు. వాడు లేనప్పుడు నేను ఎరుపు డబ్బా తెచ్చాను. చివరికి ట్యాంకు కుడివైపు ఎరుపు, ఎడమవైపు ఆకుపచ్చ అయింది. ఎదురుగా చూస్తే పండీ పండని మిరపకాయలా ఉంది. మిరప పండించే ఊరు కాబట్టి జనం అది కావాలనే చేశామనుకుని మెచ్చుకున్నారు. మేం ఖండించలేదు.

అన్నీ బిగించి, పెట్రోలులో ఆయిలు కలిపి పోసి, ఒక ఉదయం కిక్కు కొట్టడానికి సిద్ధమయ్యాం. నా భార్య చక్రం కింద పెట్టడానికి నిమ్మకాయ తెచ్చింది. మేనత్త అది లాక్కుని, "ఎండ మండిపోతాంది, నీళ్ళల్లో పిండు. చక్రానికేం దాహమా?" అంది. దిష్టి తీసే కార్యక్రమం నిమ్మరసంతో ముగిసింది.

కిక్కు నాదంటే నాదని మళ్ళీ మౌనంగా తోసుకున్నాం. ఇంజను వాడిది కాబట్టి వాడే ముందు ఎక్కాడు. ఒకటి కొట్టాడు, దగ్గింది. ఇంకొకటి కొట్టాడు, తుమ్మింది. పెట్రోలు మండే సమయాన్ని పెట్టే పాయింటును నేను కొంచెం ముందుకు పెట్టి ఉన్నట్టున్నాను. మూడోసారి ఒంటి బరువంతా వేసి తొక్కేసరికి కడ్డీ గాడిద తన్నినట్టు వెనక్కి తన్నింది. వాడి మోకాటి కింది ఎముక టంగుమంది.

"నీ యబ్బ! ఏం బిగించినావురా దొంగనాయాలా! కాలిరిగింది గదరా!"

ఎనుమును కాదు. నన్నే. సూటిగా నా ముఖంలోకి చూసి తిట్టాడు. ఏళ్ళ తరువాత మా అన్న నాతో అన్న మొదటి మాట అది.

"నీ యబ్బ అంటే మా యబ్బ గూడా గదా. ఒగడే గదా" అన్నాను.

"ఆయప్పను గూడా కలిపే తిడతాండా! బండి కొని మన కొంప మీదికి తెచ్చింది ఆయప్ప గదా!"

మేనత్త నిమ్మరసం తాగుతూ, "నా తమ్ముణ్ణి ఏమన్నా అంటే పండ్లు రాల్తాయి" అని మామూలుగా అంది.

నేను పాయింటు సరిచేశాను. ఈసారి నేను కొట్టాను. బండి స్టార్టయింది. రెండు గొట్టాల్లోంచి నీలం పొగ లేచి రేకుల కింద నిండిపోయింది. ఆ చప్పుడు మొదట డబడబమని, తరువాత నిలకడగా వచ్చేసరికి మేమిద్దరం తెలియకుండానే ఒకేసారి వీధి గేటు వైపు చూశాం. చిన్నప్పుడు ఆ చప్పుడు వినబడితే నాయన వచ్చేశాడని గోలీలు దాచి, పుస్తకాలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇప్పుడిద్దరికీ తల నెరిసింది. అయినా నా చెయ్యి పానాను వీపు వెనక దాచింది. గేటు దగ్గర ఎవరూ లేరు. అన్న కాలు రుద్దుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. నేనూ పొగే అన్నాను.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ నడిపేదెవరు, వెనక కూర్చునేదెవరు అన్నది మిగిలింది.

"తమ్ముని ఎనక కూర్చుంటే ఊరు నవ్వదా?" అన్నాడు అన్న.

"నీ ఎనక కూర్చుంటే నేను బాడీ ఉండి గూడా పరాయోన్ని అయిపోనా?" అన్నాను.

మాటలు కలిసినందువల్ల ఇప్పుడు ఈ గొడవ నేరుగా, మంచి ఊపుతో నడిచింది. మౌనంగా ఉన్నప్పుడే పని తొందరగా అయ్యేదని నా భార్య అంది. చివరికి వెనక సీటు పీకేసి, ఎడమ పక్కన తొట్టి తగిలిద్దామన్నాడు అన్న. తొట్టిలో కూర్చున్నవాడు వెనక ఉన్నట్టు కాదు, పక్కన ఉన్నట్టు. అన్నదమ్ముల మర్యాదకు అదొక్కటే దారి. వడ్లు పోసుకునే రేకు డ్రమ్మును నిలువునా కోశాం. కింద ఇనుప కోణాలతో చట్రం వెల్డింగు చేశాం. పాత మోపెడ్ చక్రం ఒకటి తుక్కు అంగట్లో దొరికింది. లోపల పరుపుముక్క వేసి, అంచులకు చేతులు కోసుకోకుండా నీళ్ళ పైపు చీల్చి తొడిగాం.

వెల్డింగు చల్లారేలోపే మేనత్త వచ్చి అందులో కూర్చుంది. అటు ఇటు కదిలి చూసింది. "ఊసేదానికి డబ్బా యాడ పెట్టుకునేది?" అని అడిగింది. ఆమెకు డబ్బా కొక్కెం వెల్డింగు చేసి ఇచ్చాను. ఆపైన ఆమెను దింపడం మా వల్ల కాలేదు. కాబట్టి ఒకరి వెనక ఒకరు కూర్చోకుండా ఉండడానికి కట్టిన తొట్టి ఆమెకు పోయింది. పీకేసిన వెనక సీటు మళ్ళీ బిగించాల్సి వచ్చింది. పోయేటప్పుడు అన్న, వచ్చేటప్పుడు నేను నడిపేటట్టు ఒప్పందం కుదిరింది.

మొదటిసారి కాలువ గట్టు మీద తీశాం. తొట్టి బండి నడపడం గురించి మాకు ఏమీ తెలియదని గట్టు మీద తెలిసింది. బండి తిన్నగా పోదు, ఎడమకు లాగుతుంది. అన్న హ్యాండిలుతో కుస్తీ పడుతూ, "దున్నపోతును కాడికి కట్టినట్లుండాది" అని అరిచాడు. తూము దగ్గర ఎడమకు తిరగాలి. వాడు తిప్పాడు. మోపెడ్ చక్రం నేలను వదిలింది. తొట్టితో పాటు మేనత్త గాలిలోకి లేచింది. ఎంత లేచిందో నాకు తెలియదు గానీ, ఆమె పాదాలు నా భుజం ఎత్తున కనబడ్డాయి. చీర చెంగు జెండాలా ఎగిరింది. నేను వెనక సీటు మీంచి తొట్టి మీదికి దూకినట్టు పడ్డాను. చక్రం నేల మీద దబ్బున కూలబడింది. ఉమ్మి డబ్బా కాలువలో పడి, తేలుతూ ఆంధ్రా వైపు పోయింది.

బండి ఆగింది. మేనత్త తొట్టి అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమె కళ్ళు పెద్దవిగా ఉన్నాయి. ముసలి ప్రాణం, ఏమైనా అయితే ఎట్లా అని అన్న బండి దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"అత్తా! ఏమన్నా తగిలిందా? మాట్లాడత్తా!"

ఆమె నోట్లోని ఆకువక్క మింగింది. "ఇంగొగసారి తిప్పురా" అంది.

తిప్పలేదు. ఎడమ మలుపుల్లో బరువు కోసం ఆమె కాళ్ళ దగ్గర ఎరువు మూట ఒకటి కట్టాం. అది ఆమెకు అవమానంగా తోచింది గానీ, మూట మీద కాళ్ళు చాపుకోవచ్చని కనిపెట్టాక సర్దుకుంది.

కొన్నాళ్ళ కిందట ఆమెకు కెంచనగుడ్డకు పోయి ఏట్లో కాళ్ళు తడుపుకోవాలని బుద్ధి పుట్టింది. పుణ్యానికి కాదు. ఆ ఊళ్ళో ఆమె ఈడు స్నేహితురాలు ఒకామె ఉంది. తొట్టి చూపించి ఆమెను ఏడిపించాలని. పెద్ద రోడ్డు తప్పించి, పల్లెదారుల్లో, పొలాల మధ్యగా పోయాం. ఏటి ఒడ్డున ఇద్దరు ముసలమ్మలు తొట్టిలో ఒకరి తరువాత ఒకరు కూర్చుని, మా వీపులకు వినబడేలా మమ్మల్ని పోల్చి చూసుకున్నారు. పెద్దోడికి బుద్ధి తక్కువ, చిన్నోడికి సిగ్గు తక్కువ అని తేల్చారు.

తిరిగి వస్తూ ఒక ఊరి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. బయల్దేరి కొంత దూరం వచ్చామో లేదో, బండి రెండుసార్లు దగ్గి నిలబడిపోయింది. నడుపుతున్నది నేను.

"పాయింటు. మొదట్నించీ చెప్తాండా, నువ్వు పెట్టిన పాయింటు సరిల్యా" అన్నాడు అన్న.

"పిస్టను మళ్ళీ పట్టేసింది. నీ ఇంజను బుద్ధే అంత" అన్నాను.

ఎండలో ప్లగ్గు విప్పాం, తుడిచాం, బిగించాం. పాయింటు చూశాం. వైర్లు చూశాం. పొద్దున్నే ట్యాంకు నిండా పోసుకున్నాం కాబట్టి పెట్రోలు మీద ఇద్దరికీ అనుమానం రాలేదు. అనుమానమంతా ఒకరి మీద ఒకరికి. కిక్కు కొట్టీ కొట్టీ ఇద్దరి మోకాళ్ళూ అయిపోయాయి. మేనత్త తొట్టిలో గొడుగు వేసుకుని కునుకు తీస్తోంది.

మా ఊరికి దగ్గరి ఊరి కన్నడ ట్రాక్టరాయన ఒకరు వస్తూ ఆగాడు. "ఏనప్పా, కెట్టోయ్తా?" అన్నాడు. చెడిపోయిందని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆయన మోకుతో బండిని ట్రాక్టరుకు కట్టి నెమ్మదిగా లాక్కుపోయాడు. దారి పొడుగునా జనం నిలబడి చూశారు. బస్సు ఎదురైతే అందులోవాళ్ళు కిటికీల్లోంచి చేతులూపారు. మేనత్త లేచి, పెళ్ళికూతురిలా అందరికీ చెయ్యి ఊపుతూ వచ్చింది. ఇల్లు చేరేసరికి మా ఇద్దరి ముఖాలూ ట్రాక్టరు దుమ్ముతో ఒకే రంగులోకి వచ్చాయి.

ట్రాక్టరాయనను అరుగు మీద కూర్చోబెట్టి నా భార్య మజ్జిగ ఇచ్చింది. మేము బండిని రేకుల కిందికి తోసి, ఇంజను ఈ పూటే దింపాలా రేపు దింపాలా అని వాదించుకుంటున్నాం. మేనత్త తొట్టిలోంచి దిగుతూ, తన పక్కనే, ట్యాంకు కింద ఉండే చిన్న పిడిని చూపించింది.

"ఒరే, దీన్ని ఇప్పుడు ఇప్పొచ్చునా? బజ్జీలు తినేకాడ పెట్రోలు వాసన కడుపులో తిప్పతాంటే కట్టేసినా."

అన్న ఆ పిడి వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను. వాడు వంగి దాన్ని తెరిచాడు. పెట్రోలు దిగేదాకా ఆగి నేను కిక్కు కొట్టాను. మొదటి దెబ్బకే బండి శుభ్రంగా, నిలకడగా స్టార్టయింది.

"ఆపు, ఆపురా" అన్నాడు అన్న అరుగు వైపు చూస్తూ, గొంతు తగ్గించి. "ఆయప్ప ఇంగా మజ్జిగ తాగతాండాడు."

గభాలున ఆపేశాను. ఆయన మజ్జిగ పూర్తిచేసి, ట్రాక్టరు ఎక్కి, వీధి మలుపు తిరిగేదాకా మేమిద్దరం ఇంజను మీదికి వంగి, చేతుల్లో పానాలు పట్టుకుని, చాలా పెద్ద పనిలో ఉన్నట్టు నిలబడ్డాం.